ఎదురు నూగు

తివాచీ కొనబోయేవాళ్ళు ఈ మధ్య నా దగ్గరికి వచ్చి సలహా అడుగుతున్నారు. అరకు లోయలో అడవి దొర బంగళాలో గుమస్తాగిరీ చేసేవాడికి అన్నీ తెలిసి ఉంటాయని వాళ్ళ నమ్మకం. తెలుసు, చెబుతాను. ముందు తిరగేసి చూడమంటాను. వెనకవైపు ముడులు ఎంత సన్నగా, ఎంత దగ్గరగా ఉంటే సరుకు అంత మంచిది. తడిగుడ్డతో ఎరుపు మీద రుద్దితే రంగు గుడ్డకి అంటకూడదు. నాలుగు పోగులు పీకి నిప్పుకి చూపిస్తే వెంట్రుక కాలిన కంపు రావాలి, రాకపోతే నూలు కలిపి మోసం చేశారన్నమాట. బతికున్న గొర్రె మీద కత్తిరించిన ఉన్నో, చచ్చినదాని తోలు మీంచి గీకిన ఉన్నో అడగాలి. మగ్గం మీద ఎన్నాళ్ళు ఉందో అడగాలి. ఇవన్నీ చెప్పి పంపిస్తాను. ఎవరు నేశారో అడగమని మాత్రం ఎవరికీ చెప్పను. అడగొద్దనీ చెప్పను.

నిజానికి ఆ ప్రశ్నలు నావి కావు, దొర రాసిచ్చినవి. పందొమ్మిది వందల ఇరవై అయిదో సంవత్సరం పుష్యమాసంలో బంగళా హాలు నేల మీద కాలు పెడితే జివ్వుమంటోందని, మైదానంలో ఉన్న ఒక జైలుకి నన్ను పంపాడు. అక్కడ ఖైదీల చేత నేయించిన తివాచీలు అమ్ముతారు. చేతిలో కాగితం, కాగితం మీద ఏడు ప్రశ్నలు. అనంతగిరి ఘాటు దిగి, బండి మారి, రైలెక్కి వెళ్ళి ఏడూ అడిగాను. అమ్మకాల గదిలో ఓవర్సీరు ఏడింటికీ జవాబు చెప్పాడు. తలుపు సందులోంచి మగ్గాలు కనిపిస్తున్నాయి, ఒక్కో మగ్గం ముందు నలుగురేసి మనుషుల వీపులు. ముడుల వరసని దిగగొట్టడానికి వాళ్ళ చేతుల్లో ఇనప పంజాలు, వాటికి మన చేతివేళ్ళలా చాచిన పళ్ళుంటాయి. టకటకమని ఒకటే చప్పుడు. ఆ వీపులు ఎవరివని అడగాలని నాకు తోచలేదు. కాగితంలో లేదు మరి. కాగితంలో లేని పని చేసే అలవాటు నాకు అప్పటికి లేదు.

బంగళా ఊడ్చే కనకది కోసెడు దూరంలో కొండవాలున ఉన్న పదిహేను గడపల ఊరు. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. కొండవాళ్ళ వయసు నాకు తెలియదు, వాళ్ళూ లెక్కపెట్టుకోరు. ఆమె మొగుడు గాసి చింతపల్లి వైపు కూలికి పోయి, సర్కారు మీద పితూరీ లేచిన రోజుల్లో ఎవరికో అడవిదారి చూపించాడట. అయిదేళ్ళు వేశారు. అతణ్ణి తీసుకుపోయి అప్పటికి రెండేళ్ళు. ఏ జైల్లో పెట్టారో ఎలాగో తెలిసింది గాని, బతికున్నాడో పోయాడో కబురు లేదు. నేను తివాచీ కొన్నది ఆ జైల్లోనే. వెళ్ళేముందు ఆ సంగతి నాకు గుర్తులేదంటే ఎవరూ నమ్మరు, కాని అదే నిజం. అంతకుముందు ఆమె కోసం రెండు అర్జీలు రాసినవాణ్ణి నేనే. మహారాజశ్రీ అని మొదలుపెట్టి పాదాల దాకా వంగి దణ్ణాలు పెట్టిన అర్జీలు. రెండూ బూడిదలో పోసిన పన్నీరయ్యాయి. రాసిన చెయ్యి నాది, ఎదురుచూసిన కళ్ళు ఆమెవి, అందుకని ఆమెకి గుర్తుంది, నాకు లేదు.

ఆ ఏడు ఆమెకి ఒక గడువు వచ్చి పడింది. ఊరి పెద్ద మంగ్లు చైత్రంలో ఊరంతా వేటకి పోయే ఇటుకల పండగ దాకా చూద్దామన్నాడు. అప్పటికీ కబురు రాకపోతే గాసికి దినం చేసేసి, కనకని మరిది బుధు ఇంటికి పంపాలి. అది వాళ్ళ ఆచారం, అందులో దుర్మార్గం ఏమీ లేదు. ఒంటరి ఆడది కొండపోడు చేసుకుని బతకడం కష్టమని వాళ్ళ బాధ. బుధు కూడా మంచివాడే, ఆమె నోటితో ఆమే ఆ మాట అంది. కనక ఏడుపు అది కాదు. బతికున్నవాడికి దినం పెడితే ఆ అన్నమే వాడిని మింగుతుందని, పెట్టిన చేతులే చంపిన చేతులని ఆమె నమ్మకం. పోయాడని తేలితే బుధు ఇంటికి పోతాను, తేలకుండా మాత్రం పోనంది. ఆమెకి కావలసింది ఆ ఒక్క ముక్కే. ఉన్నాడా, లేడా.

తివాచీ పరిచిన పదో రోజో పన్నెండో రోజో, నేను రాతబల్ల దగ్గర ఉంటే హాల్లోంచి పిలిచింది. కొండవాళ్ళ నోట 'మీరు' రాదు, దొరనైనా నువ్వనే అంటారు. దొరకి తెలుగు రాదు కాబట్టి సరిపోయింది.

"బాబూ, ఇటు రా. ఈ పక్కన సీపురు ఎదురు తిరుగుతంది."

వెళ్ళి చూశాను. తివాచీని అడ్డంగా ఊడుస్తోంది. చీపురు పోయినంత మేరా నూగు ఒకే వైపు పడుకుని లేతగా మెరుస్తోంది. అంచు పక్కన ఒక మూరెడు వెడల్పు మేర మాత్రం, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా, నూగు ఎదురు తిరిగి లేచి ముదురుగా కనిపిస్తోంది. అటు వైపు నుంచి ఊడిస్తే అదే మూరెడు లేతబడి మిగతాదంతా ముదురవుతోంది. దొర కాగితంలో దీని గురించి ప్రశ్న లేదు. కనక గొంతుక్కూర్చుని అరచేత్తో ఆ మూరెడు పొడుగునా నిమిరింది. నాకు కూడా చెయ్యి పెట్టి చూడాలనిపించింది, పెట్టాను. పిల్లి వీపుని తోక నుంచి తల వైపు నిమిరినట్టుంది.

నలుగురు పక్కపక్కన కూర్చుని నేస్తారని, ఎవడి మూర వాడిదని నేను చూసింది చెప్పాను. ఆమె ఆ మూరెడునీ ఇంకోసారి నిమిరింది. తర్వాత, "ఇది మావోడి సెయ్యి బాబూ" అంది.

గాసిది ఎడంచేతి వాటమట. వాళ్ళ ఊళ్ళో అందరూ పేనిన తాడు ఒక పక్కకి మెలి తిరిగితే గాసి పేనిన తాడు రెండో పక్కకి తిరుగుతుందట. ఆవు మెడలో ఉన్నా మంచానికి ఉన్నా అది గాసి తాడని కళ్ళు మూసుకుని చేత్తో తడిమి చెప్పగలరట. ఎడంచేతి వాటం వాళ్ళు లోకంలో నీ మొగుడొక్కడేనా అన్నాను, గుమస్తాని కదా. ఆమె కోప్పడలేదు. చాలామంది ఉంటారు, ఆ జైల్లో ఎందరున్నారో కనుక్కోమంది.

మర్నాడు మంగ్లుని తీసుకొచ్చింది. ఆ ముసలాయన వాకిట్లోనే చెప్పులు విడిచి తివాచీ అంచున కూర్చుని అటూ ఇటూ నిమిరి, గాసి చేతిలాగే ఉందన్నాడు. ఉన్నా తివాచీ సాక్ష్యం చెప్పదని, పది మంది ముందూ పెట్టడానికి కాయితం కావాలని అన్నాడు. కొండమీద కూడా కాగితానికి అంత విలువ వచ్చేసింది.

అప్పుడు నాకు ఒక ఆలోచన వచ్చింది. నా జన్మలో అంత తెలివైన ఆలోచన మళ్ళీ రాలేదు, రాకూడదు కూడా. అర్జీ వస్తే సర్కారు పక్కన పడేస్తుంది. ఫిర్యాదు వస్తే, అదీ దొర సంతకంతో వస్తే, లేచి నిలబడుతుంది. ఇరవై ఏళ్ళు కాగితాల మధ్య బతికి నేను నేర్చుకున్న సత్యం అదొక్కటే. కాబట్టి కనక మొగుడి క్షేమం కోరుతూ అర్జీ కాకుండా, తివాచీ మీద ఫిర్యాదు రాశాను. ఫలానా తివాచీలో ఎడమ అంచు పక్కన మూరెడు మేర నూగు ఎదురు తిరిగి ఉన్నది, ఊడ్చుటకు వీలుగా లేదు, చూపునకు రెండు రంగులుగా ఉన్నది. ఆ మూరెడూ నేసిన ఖైదీ ఎవరో, పేరూ నంబరూ తెలియజేసి, ప్రస్తుతం ఆ మగ్గం మీద ఉన్నాడో లేడో రాయవలెను. ఇంగ్లీషులో చక్కగా రాసి, నన్ను నేనే మెచ్చుకున్నాను.

పంపేముందు కనకకి తెలుగులో చదివి వినిపించాను. చీపురు పట్టుకుని నిలబడి ఆఖరి దాకా విన్నది.

"ఆడికి మాటొత్తాదేటి బాబూ?" అని అడిగింది.

మాట రాక మరేమిటి, కాస్త జాగ్రత్తగా నెయ్యమంటారు, జైల్లో ఉన్నవాడిని అంతకంటే ఏం చేస్తారని అన్నాను. నిజంగానే అలా అనుకున్నాను. ఆమె మరోసారి ఆ మూరెడు వంక చూసి, పంపమంది. దొర దగ్గరికి తీసుకెళ్ళి లోపం చూపిస్తే ఆయన బూటు మడమతో ఆ మూరెడు మీద గీకి చూసి, ఏదో గొణిగి, సంతకం గిలికాడు. ఇంత శ్రద్ధగల గుమస్తా దొరికినందుకు సంతోషించాడు కూడా.

నలభై రోజులకి జవాబు వచ్చింది. ఇటుకల పండగ ఇంక ఎనిమిది రోజులుంది. ఉత్త జవాబు కాదు, బండి మీద కొత్త తివాచీ కూడా వచ్చింది. లోపమున్నందుకు చింతిస్తున్నాము, బదులుగా మరొకటి పంపుచున్నాము, పాతది తిరిగి పంపవలెను అని మొదలైంది. ఆ మూరెడు నేసినది గాసి అను కొండజాతి ఖైదీ అనీ, నంబరు ఇదీ అనీ, బలంగా ఉన్నాడనీ, అదే మగ్గం మీద పనిచేస్తున్నాడనీ రాశారు. ఎడమచేతితో ముడి వేయుట వలన లోపము కలిగినది, ఇప్పుడా అలవాటు మాన్పించి కుడిచేతితో వేయుట నేర్పించుచున్నాము, ఇకముందు ఇట్టి లోపము ఉండదు అని ముగించారు.

ఆ సాయంత్రమే ఆ ఊరు వెళ్ళి పది మంది ముందు చదివాను. బతికున్నాడు, పనిచేస్తున్నాడు అన్నదాకానే తెలుగు చెప్పాను. మిగతాది అక్కర్లేదనిపించింది. మంగ్లు కాగితాన్ని రెండు వైపులా తిప్పి చూసి, కనక గుడిసె చూరులో దోపాడు. దినం లేదన్నాడు. బుధు లేచి వచ్చి వదినకి దణ్ణం పెట్టి, అన్న బతికున్నాడని ముసలాళ్ళ కంటే గట్టిగా ఏడ్చాడు. కనక ఏడవలేదు, నవ్వలేదు. చేటలో ఉన్న సామలు చెరగడం పూర్తి చేసింది. నాకు మాత్రం ఆ రోజు చాలా సంతోషమేసింది, దాచుకోను. మనిషిని కాగితంతో బతికించానని అనుకుంటూ కొండ దిగాను.

పాత తివాచీని చుట్టి బండి దాకా మోసింది కనకే. బండివాడు సాయం పడతానంటే వద్దంది. నెత్తిన పెట్టుకుని, ఎదురు నూగు ఉన్న అంచుని చెంపకి ఆనించుకుని నడిచింది. బండిలో పెట్టి, తడిమి చూసుకుని, వెనక్కి వచ్చేసింది.

మర్నాడు కొత్తది ఊడ్చింది. అడ్డంగా ఊడ్చింది, నిలువుగా ఊడ్చింది, అటు నుంచి, ఇటు నుంచి. మోకాళ్ళ మీద కూర్చుని మూర మూరా చేత్తో నిమిరింది. ఎక్కడా చెయ్యి ఆగలేదు. తివాచీ అంతా ఒకే వాటం, వెన్నలా.

"ఇందులో మావోడు లేడు బాబూ" అంది.

ఉన్నాడని చెప్పాను. అప్పుడిక ఉత్తరం చివరి ముక్క కూడా చెప్పక తప్పలేదు. ఇప్పుడు కుడిచేత్తో నేస్తున్నాడు, అందుకే తెలియడం లేదు, ఈ నాలుగు మూరల్లో ఏదో ఒకటి అతనిదే అయి ఉంటుందన్నాను. ఆమె తివాచీ వంక చూడలేదు, నా వంక చూసింది.

"మరి ఆ సెయ్యినేటి సేసినారు?"

ఏం చేస్తారు, ఊరికే ఉంచమని ఉంటారు అన్నాను. చిన్నప్పుడు మా ఇంట్లో మా తమ్ముడు ఎడంచేత్తో తింటే నాన్న చేతి మీద ఒకటి వేసేవాడని, రెండు నెలల్లో కుదురుకున్నాడని చెప్పాను. ఆమె విన్నది. లేచి చీపురు మూల పెట్టి, నీళ్ళకి పోయింది. ఆ తర్వాత మూడేళ్ళూ ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. నేను కూడా ఎత్తలేదు. రోజూ వచ్చేది, ఊడ్చేది, పోయేది. చూరులోని కాగితం మాత్రం వానాకాలం వస్తే తీసి కొత్త ఆకు చుట్టి పెట్టేదని మంగ్లు చెప్పేవాడు.

ఇరవై ఎనిమిదో సంవత్సరం ఆషాఢంలో గాసి ఇంటికి వచ్చాడు. వచ్చిన నాలుగో రోజున, మంగళవారం, ఇద్దరూ కలిసి బంగళాకి వచ్చారు. వాన వెలిసింది. దొర క్యాంపులో ఉన్నాడు. వాడిని చూడటం నాకు అదే మొదలు. పొట్టి మనిషి, తల సగం నెరిసింది. మెట్టు మీద కూర్చోమన్నాను, కూర్చున్నాడు. కుడిచెయ్యి మోకాలి మీద పెట్టాడు. ఎడమచెయ్యి ఒళ్ళో పడేసుకున్నాడు. దాని వేళ్ళు లోపలికి ముడుచుకుని ఉన్నాయి, బొటనవేలు వాటి కింద.

నేను అడగలేదు. వాడే చెప్పాడు, ఎవరిదో సంగతి చెబుతున్నట్టు. మొదటి ఏడాది మగ్గం దగ్గర వాడి జోలికి ఎవరూ పోలేదట, ముడి పడితే చాలు ఏ చెయ్యైతే ఏమని ఊరుకున్నారట. తర్వాత ఎక్కడినుంచో ఉత్తరం వచ్చిందట. ఆ రోజు నుంచి పనివేళల్లో ఎడంచేతిని వెనక్కి విరిచి తాడేసి కట్టేవాళ్ళు. కట్టు విప్పగానే చెయ్యి దానంతట అదే ముడుల మీదికి పోయేది, పోయినప్పుడల్లా ఓవర్సీరు ఇనప పంజా తిరగేసి వేళ్ళ మీద కొట్టేవాడు. ఎనిమిది నెలలకి అది పోవడం మానేసింది. ఇప్పుడు గొడ్డలి పట్టలేడు, విల్లు పట్టలేడు. కుడిచేత్తో గొడ్డలి వేస్తే దెబ్బ ఎక్కడ పడుతుందో వాడికే తెలియదట. పోడు నరకడానికి కనకే పోతోంది.

కనక ఇవతల స్తంభానికి ఆనుకుని నిలబడింది. నా వైపు చూడలేదు, వాడి వైపూ చూడలేదు. ఆ ఉత్తరం ఎవరు రాశారో వాడికి ఆమె చెప్పలేదని అప్పుడు తెలిసింది. చూరులో కాగితం సంగతి కూడా, అది ఎలా వచ్చిందో చెప్పకుండా, ఉందని మాత్రమే చెప్పి ఉంటుంది.

నాకు ఏదో ఒకటి అనిపించాలి కదా. ఏమీ అనిపించలేదు. వాన నీళ్ళు చూరు మీంచి కారుతుంటే బొట్లు చూస్తూ కూర్చున్నాను. అందుకు నా మీద నాకు అసహ్యం వేసిందా అంటే, అదీ ఆలస్యంగానే వేసింది.

గాసి తిట్టలేదు. వాడు ఒక పని మీద వచ్చాడు.

"నువ్వు రాతొచ్చినోడివి బాబూ. నా కోసం అర్జీలు రాసినావట, ఇది సెప్పింది. ఇంకొకటి రాయి. ఆ ఉత్తరం రాసినోడెవడో సెప్పమని జైలోల్లని అడుగు. ఆన్ని నానేటీ సెయ్యను. ఒక్కపాలి ఎదురుగా కూకొని, నా ముడి నీకేటి సేసిందిరా అని అడిగీసి వొచ్చెత్తాను."

కనక కదిలింది. నోరు తెరుస్తుందనుకున్నాను. తెరిస్తే బాగుండునని కూడా అనుకున్నాను, ఆ పని ఎవరో ఒకరు చెయ్యాలి, నేను చెయ్యలేను. ఆమె లోపలికి వెళ్ళి నా సిరాబుడ్డీ, కలం, ముద్రల సిరామెత్తా తెచ్చి నా ముందు పెట్టి, మళ్ళీ స్తంభం దగ్గరికి పోయింది.

నేను రాశాను. ఇంగ్లీషు వాడికి రాదు, పిచ్చిగీతలు గీసి మడిచినా సరిపోయేది. అలా చెయ్యలేదు. ఫలానా నంబరు మాజీ ఖైదీ ఫలానా సంవత్సరంలో తన నేత మీద ఫిర్యాదు చేసిన పెద్దమనిషి పేరూ చిరునామా కోరుచున్నాడు అని ఉన్నది ఉన్నట్టు రాశాను. రాస్తున్నంతసేపూ నా అక్షరాలు ఎప్పటిలాగే గుండ్రంగా వచ్చాయి.

కింద వేలిముద్ర కావాలి. సర్కారు కాగితం మీద మగవాడిది ఎడమ బొటనవేలి ముద్రే పడాలని రూలు. ఆ మాట చెబితే వాడు ఎడమచెయ్యిని కుడిచేత్తో ఎత్తి నా బల్ల మీద పెట్టాడు. ముడుచుకున్న వేళ్ళ కిందినుంచి బొటనవేలు రావడం లేదు. కనక వచ్చి వాడి మణికట్టు పట్టుకుంది. నేను ఒక్కో వేలూ పైకెత్తాను. కణుపుల దగ్గర ఎముకలు వంకరగా అతుక్కుని, గట్టిగా, చల్లగా ఉన్నాయి. బొటనవేలు దొరికింది. సిరామెత్త మీద అద్ది కాగితం మీద పెట్టాను. నొక్కలేదు, సగం ముద్రే పడింది.

గాసి నా మొహంలోకి చూసి, నేను జాలిపడుతున్నాననుకున్నాడు.

"నొప్పి తెలీదు బాబూ," అన్నాడు. "గట్టిగా నొక్కు."

కనక మణికట్టు వదల్లేదు. గట్టిగా నొక్కాను.